నీరెండ పండుగ పుట్టుపూర్వోత్తరాలు

చలికాలం ప్రతి ఏడాదీ వృథాగా పోతోందన్న సంగతిని మొట్టమొదట గుర్తించినవారు పర్యాటక శాఖ మంత్రిగారు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరికీ ఆ ఆలోచన తట్టలేదు. చలి పుడితే వాళ్లు శాలువా కప్పుకుని ఊరుకున్నారు. ఈయన శాలువా కప్పుకుని విలేఖరుల సమావేశం పెట్టారు.

"పేరున్న పండుగలు ఎవరైనా చేస్తారు. పేరు లేని పండుగల్ని చేసి చూపించేవాడే నాయకుడు," అన్నారు మంత్రిగారు. "ఈ శీతాకాలం నుంచి అంతగా తెలియని పండుగల్ని వెతికి పట్టుకుంటాం. ఒక్కో పండుగకి ఒక్కో గ్లాంపింగ్ యాత్ర. పండుగ, గుడారం, స్థానిక పానీయం. ఇదే మన నినాదం."

గ్లాంపింగ్ అంటే ఏమిటని ఒక విలేఖరి అడిగాడు. గుడారంలో ఉంటూ, గుడారంలో ఉన్నామన్న సంగతి తెలియకపోవడమని మంత్రిగారు విడమరిచి చెప్పారు. అంతగా తెలియని పండుగలు ఏవని ఇంకో విలేఖరి అడిగాడు. తెలిస్తే అవి అంతగా తెలియనివి ఎలా అవుతాయని మంత్రిగారు ఎదురడిగారు. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో సమావేశం విజయవంతంగా ముగిసింది.

మర్నాడు పొద్దున పదిన్నరకల్లా ఆ నినాదం సర్క్యులర్ అయి పర్యాటక శాఖ రెండో అంతస్తుకి చేరింది. అక్కడ కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల దగ్గర ఒక సీనియర్ అసిస్టెంటు కూర్చుంటాడు. ఏ కాగితాన్నయినా మూడుసార్లు చదివితే తప్ప పక్కన పెట్టడు. అందుకని ఆఫీసంతా ఆయన్ని నిదానం గారంటుంది. ఆయన సర్క్యులర్‌ని మూడుసార్లు చదివాడు. పండుగ ఒక్కరికీ తెలియకపోతే అది పండుగే కాదట. అందరికీ తెలిస్తే అది తెలిసిన పండుగ అయిపోతుందట. కనుక పదిమందికి తగ్గకుండా, యాభైమందికి మించకుండా తెలిసిన పండుగల్ని వారం రోజుల్లో పంపాలట. పాపం, ఎవరి నెత్తిన పడుతుందో అనుకుంటూ నిదానం ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాడు.

అరగంటలో డైరెక్టరుగారి నుంచి కబురొచ్చింది.

డైరెక్టరుగారి బల్ల మీద ఒక పలచని కట్ట ఉంది. దూరం నుంచే ఆ చేతిరాతని నిదానం పోల్చుకున్నాడు. అది ఆయన చేతిరాతే.

"వీటిని గుర్తుపట్టారా?" అన్నారు డైరెక్టరుగారు.

"నా సెలవు చీటీలండి."

"సెలవు చీటీలు కాదు, చారిత్రక ఆధారాలు." డైరెక్టరుగారు కళ్లజోడు సవరించుకుని పై కాగితం చదివారు. "అయ్యా, మా అమ్మమ్మగారి ఊరైన కొండదిగువ పల్లెలో, శీతాకాలం మూడో బుధవారం నాడు తరతరాలుగా జరుగుతున్న నీరెండ పండుగకు నేను విధిగా హాజరు కావలసి ఉన్నందున, ఒకరోజు సెలవు ఇప్పించ ప్రార్థన. ఇలాంటి చీటీలు పన్నెండు. పన్నెండేళ్లుగా మన రెండో అంతస్తులోనే ఒక అంతగా తెలియని పండుగ తలదాచుకుంటే, మనం ఊళ్లన్నీ వెతుకుదామనుకుంటున్నాం. ఏం మనుషులమండీ మనం."

నిదానం అమ్మమ్మగారి ఊరు కొండదిగువ పల్లె కాదు. ఆవిడ పుట్టి పెరిగి పోయింది ఇదే పట్నంలో, రెండు వీధుల అవతల. కొండని ఆవిడ క్యాలెండర్‌లో తప్ప చూడలేదు. నీరెండ పండుగ అనేది ఎక్కడా లేదు.

ఉన్నదల్లా నిదానం భార్య. ఆవిడ బస్టాండులో విచారణల కిటికీ దగ్గర పనిచేస్తుంది. ఆవిడకి వారానికి ఒక్క సెలవు, అదీ బుధవారం. ఈయనకి ఆదివారం. పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ గుమ్మంలో ఎదురుపడి తాళంచెవి చేతులు మార్చుకునేవారు, అంతే. ఒక్క బుధవారం సెలవు పెడదామంటే జ్వరానికి డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. చావు కబురు రాద్దామంటే, తోటి గుమాస్తాలు అప్పటికే బోలెడంతమంది చుట్టాల్ని చంపేసి ఉండటంతో పైవాళ్లు నమ్మడం మానేశారు. అలాంటి రోజుల్లో ఒకసారి, బస్టాండులో భార్య కోసం ఎదురుచూస్తూ, ఎదురుగా ఆగిన బస్సు బోర్డు మీద కొండదిగువ పల్లె మలుపు అన్న మాట చదివాడు నిదానం. మిగతాదంతా ఆయనే రాశాడు.

ఆ రోజున ఇద్దరూ అద్దెయింటి డాబా మీద చాప పరుచుకుని, వీపుకి ఎండ తగిలేలా కూర్చుంటారు. ఆవిడ అల్లం, మిరియాలు వేసి బార్లీ నీళ్లు కాచి ఫ్లాస్కులో పోసి పైకి తెస్తుంది. కాసేపు మాట్లాడుకుంటారు. కాసేపు మాట్లాడుకోరు. పొద్దు వాలాక చాప చుట్టుకుని కిందికి దిగుతారు. ఏడాది మొత్తంలో ఆ ఒక్క రోజంటే నిదానానికి ప్రాణం. ఆ రోజు లేకపోతే మిగతా మూడువందల అరవై నాలుగు ఎందుకో ఆయనకి తెలియదు.

మొదటి చీటీలో పండుగ పేరు మాత్రమే ఉంది. అయిదో ఏడు ఒంటిపూట సెలవు సరిపోదా అని పైవాళ్లు అడిగితే, ఆ రోజు సంప్రదాయ పానీయం సేవించవలసి ఉన్నందున చాలదని రాశాడు. తొమ్మిదో ఏడు సెలవు రోజునే ఇంటికి ఫైలు పంపిస్తామంటే, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఏ పనీ ముట్టరాదన్న నియమం చేర్చాడు. అలా చీటీ చీటీకీ ఆ పండుగ ఎదిగింది.

"పానీయం కూడా ఉంది," అన్నారు డైరెక్టరుగారు మురిసిపోతూ. "మంత్రిగారికి ఫోన్ చేసేశాను. చాలా సంతోషించారు."

సాయంత్రం ఇంట్లో నిదానం ఈ సంగతి చెబితే, భార్య తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టింది.

"ఏవండీ, అబద్ధమని చెప్పేయండి."

"చెబితే మన బుధవారం పోతుంది."

"చెప్పకపోతే?"

నిదానం ఈ ప్రశ్నని కూడా మూడుసార్లు ఆలోచించాడు. "చెప్పకపోయినా పోయేట్టే ఉంది," అన్నాడు.

"అయితే చెప్పే పోగొట్టుకోండి. కనీసం నిద్ర పడుతుంది."

మర్నాడు ఆయన ధైర్యం కూడగట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి తలుపు చేరవేశాడు. అయ్యా, ఆ పండుగ లేదండి అన్నాడు. డైరెక్టరుగారు కోప్పడలేదు. కట్ట ఆయన ముందుకి జరిపారు.

"ఈ చీటీల మీద మంజూరు సంతకం ఎవరిది?"

"మీదేనండి."

"అంటే లేని పండుగకి పన్నెండేళ్లపాటు నేను సెలవిచ్చానంటారా?"

"అబ్బే, అలా ఎందుకంటానండి."

"అయితే పండుగ ఉన్నట్టేగా."

నిదానం, ఉన్నట్టేనండి అని వచ్చేశాడు.

ఆ వారంలోనే డైరెక్టరుగారు క్షేత్రస్థాయి విచారణకి బయల్దేరారు. నిదానాన్ని జీపులో ఎక్కించుకున్నారు గానీ ఊళ్లో దిగనివ్వలేదు. మీరు ఈ పండుగకి కావలసినవారు, మిమ్మల్ని చూస్తే సాక్ష్యం కలుషితమవుతుందన్నారు. మలుపు దగ్గర తారు రోడ్డు అయిపోయింది. అక్కణ్ణుంచి రెండు మైళ్లు బురదలో జీపు ఈదుకుంటూ వెళ్లింది. నిదానం వెనక సీట్లో ఒదిగి కూర్చుని, టార్పాలిన్ సందులోంచి తన అమ్మమ్మగారి ఊరిని మొదటిసారి చూశాడు.

ఊరి పెద్ద ఇంటి ముందు కూర్చుని సైకిలు ట్యూబుకి పంక్చరు వేస్తున్నాడు.

"పెద్దాయనా, మీ ఊళ్లో నీరెండ పండుగ చేస్తారట కదా?" అన్నారు డైరెక్టరుగారు.

"ఏ పండుగ?"

"నీరెండ పండుగ. ఆ పండుగ ఉన్న ఊరికి మంత్రిగారు వస్తారు. మంత్రిగారు రావాలంటే ముందు రోడ్డు రావాలి. లేదంటే మేం పక్క ఊరు చూసుకుంటాం."

పెద్దాయన ట్యూబు నేల మీద పెట్టాడు. బురద దారివైపు ఒకసారి చూశాడు. ఆ దారిలోనే ఆయన మనవరాలు రోజూ చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోతుంది. కిందటి వానాకాలం ఆయన భార్యని ఆస్పత్రికి ఆ దారినే మంచం మీద మోసుకెళ్లారు.

"ఓ, ఆ పండుగా," అన్నాడు. "పూర్తి పేరు చెబితే వెంటనే గుర్తురాలేదు. మేం ఊరికే పండుగ అంటాం."

"ఎంతమందికి తెలుసు?"

"ఎంతమందికి తెలియాలి?"

"పదికి తగ్గకూడదు, యాభైకి మించకూడదు."

"ముప్ఫై నాలుగు మందికి తెలుసండి."

"మరి మిగతా ఊరికి?"

"చెప్పలేదండి. అందరికీ చెప్పే పండుగ కాదది."

డైరెక్టరుగారు ముగ్ధులైపోయారు. "ఎన్నాళ్లనుంచి చేస్తున్నారు?"

"మా తాత చేశాడు. ఆయన తాతా చేశాడు."

"మూడువందల ఏళ్లని రాసుకోనా?"

"మీ చిత్తం. రెండువందలకి మాత్రం తగ్గించకండి, ఊళ్లో పెద్దవాళ్లు బాధపడతారు."

జీపులో నిదానం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆయనకే తెలియలేదు.

ఇక పనులు ఊపందుకున్నాయి. ఈ పండుగ బుధవారమే ఎందుకు వస్తుందో తేల్చడానికి మంత్రిగారు ఒక ప్రొఫెసరుగారిని నియమించారు. ఆయన నలభై పేజీల నివేదికలో, ఆ వారంలో బుధవారం నాటి సూర్యకిరణాలకే కీళ్లని కరిగించే కోణం ఉంటుందనీ, మన పూర్వీకులకి ఆ లెక్క తెలుసుననీ రుజువు చేశారు. బస్టాండులో వారపు సెలవుల పట్టిక ఆయన చూడలేదు. సంప్రదాయ పానీయాన్ని రెండువందల మైళ్ల అవతలి ఫ్యాక్టరీలో తయారు చేయించి, సీసాల మీద స్థానిక పానీయం అని అచ్చు వేయించి లారీల్లో తెప్పించారు. రుచి చూడమని పెద్దాయనకి ఒక సీసా పంపితే, మా తాతలు తాగింది ఇదే, కాకపోతే అప్పట్లో మూత ఉండేది కాదు అని కబురు పెట్టాడు.

రోడ్డు కూడా పడింది. మంత్రిగారి మాట నిలబడిందంటే జనం నమ్మలేక, నడిచి వెళ్లి మరీ చూసి వచ్చారు.

మూడో బుధవారం రానే వచ్చింది. పర్యాటక శాఖ సిబ్బంది మొత్తానికి సెలవులు రద్దయ్యాయి. పొద్దు పొడిచినప్పటి నుంచి ఏ పనీ చేయకూడని ఆ పండుగకి మూడువందల నలభైమంది తెల్లవారకముందే డ్యూటీ ఎక్కారు. ప్రత్యేక బస్సులు వేయడంతో నిదానం భార్యకి వారపు సెలవు కూడా పోయింది. పొద్దున్నే ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు.

"పండుగ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో తెలుసా?" అన్నాడు నిదానం, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నాలుగు," అందావిడ. "ఈ పూట నుంచి అదే చెప్పాలి అందరికీ." ఫ్లాస్కు ఆయన సంచిలో పెట్టి తాళం తీసుకుంది.

కొండదిగువ పల్లె బయలులో నలభై గ్లాంపింగ్ గుడారాలు వెలిశాయి. ఒక్కో దానిలో మంచం, సోఫా, హీటరు, షాండిలియరు, గోడ మీద అడవి బొమ్మ. అడవి పక్కనే ఉంది గానీ, అతిథులు గుడారం దాటి చలిలోకి రానక్కర్లేకుండా బొమ్మ పెట్టారు. ఆ గుడారాల్ని వరసగా తూర్పువైపున వేశారు. దాంతో ఎండంతా గుడారాల మీద పడి, నీడంతా పండుగ మీద పడింది. ఇది ఇంజినీరుగారు గమనించి, పడమటివైపు ఇనప స్తంభాలు పాతించి పన్నెండు హాలోజెన్ దీపాలు వెలిగించారు. నీరెండ పసుపు రంగులో ఉంటుంది కనుక వాటికి పసుపు కాగితం కూడా చుట్టించారు. ఫోటోల్లో అది అసలు ఎండకన్నా బాగా వచ్చింది.

ఆ దీపాల ముందు ముప్ఫై నాలుగుమంది ఊరివాళ్లు చాపల మీద వరసగా కూర్చున్నారు. వాళ్లు కూర్చున్నట్టు హాజరు వేసే పని నిదానానిది. గంటకోసారి రిజిస్టరు పట్టుకుని తిరిగి సంతకాలు తీసుకోవాలి. పెద్దాయన సంతకం పెట్టనన్నాడు.

"ఈ రోజు చెయ్యి కదపకూడదండి. మా ఆచారం."

"రిజిస్టరు ఖాళీగా ఉంటే ఎలా పెద్దాయనా?"

"మీరే పెట్టేయండి. మీకు ఆచారం లేదుగా."

నిదానం ముప్ఫై నాలుగుమంది సంతకాలూ గంటగంటకీ తానే పెట్టాడు.

మంత్రిగారు మధ్యాహ్నం విచ్చేశారు. దండ వేయమంటే పెద్దాయన వేయలేదు, చేతులెత్తకూడదన్నాడు. మంత్రిగారిని రిబ్బను కత్తిరించమంటే, పెద్దాయన ఆ కత్తెర వైపు అనుమానంగా చూశాడు. కత్తిరించడం కూడా పనేనని అప్పుడు అందరికీ అర్థమైంది. మంత్రిగారు ఆ నియమానికి ఎంతగానో చలించిపోయి, కత్తెర పక్కన పడేసి, దీపాల ముందు వేసిన సోఫాలో కూర్చుండిపోయారు. పనిచేయకపోవడమన్న ఆచారం ఆయనకి ఇట్టే అలవడిందని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

తర్వాత కూర్చునే ప్రసంగించారు. "మూడువందల ఏళ్ల ఈ పండుగని వెలుగులోకి తెచ్చింది ఎవరు? మా శాఖలోని ఒక చిన్న ఉద్యోగి. ఈ ఊరి బిడ్డ. ఉద్యోగం కోసం పట్నం వెళ్లినా, పన్నెండేళ్లుగా ఏటా ఈ రోజుకి సెలవు పెట్టి ఇక్కడికి పరిగెత్తుకుని వచ్చిన మనవడు. నిదానం గారూ, ఇలా రండి."

చప్పట్లు మోగాయి. రిజిస్టరు చేతిలో పట్టుకుని నిదానం అడుగులో అడుగేసుకుంటూ ముందుకు వచ్చాడు. పెద్దాయన ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఎవరింటి బిడ్డో తెలుసుకోకుండా ఊరుకునే మనిషి కాదాయన.

"ఎవరింటి మనవడివి బాబూ?"

నిదానం రిజిస్టరు తెరిచి ఇంటిపేర్లు వెతకసాగాడు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మర్నాటి పేపర్లో మొదటి పేజీలో, పల్లె పండుగ పేరు చెప్పి పట్నం గుమాస్తా సెలవులు అని పెద్దక్షరాల్లో పడింది. మంత్రిగారు అమాయకులైన పల్లెవాసుల మనోభావాలు గాయపడ్డాయని బాధపడి, విచారణకి ఆదేశించారు.

విచారణ డైరెక్టరుగారి గదిలోనే జరిగింది. పెద్దాయన కొత్త రోడ్డు మీద బస్సెక్కి సాక్ష్యానికి వచ్చాడు. ఆయనకి కుర్చీ వేశారు. నిదానం నిలబడ్డాడు.

"ఈయన్ని పండుగలో ఎప్పుడైనా చూశారా?" అన్నారు డైరెక్టరుగారు.

"లేదండి. మూడువందల ఏళ్లుగా చేస్తున్నాం, ఈ ఏడు తప్ప ఈ అయ్యగారు ఒక్కసారీ కనపళ్లేదు."

ఇంక దాచి లాభం లేదనిపించింది నిదానానికి. "అయ్యా, ఆ పండుగ నేనే పుట్టించానండి. సెలవు కోసం."

పెద్దాయన ముఖం చిన్నబోయింది. అది నటన కాదు. "మా తాతలు చేసిన పండుగని ఈయన పుట్టించాడా?" అన్నాడు మెల్లగా.

"ఆ మాట నేను రికార్డు చేయడం లేదు, మీ మేలు కోరి," అన్నారు డైరెక్టరుగారు నిదానంతో. "పండుగ నిజం. దానికి మీ పన్నెండు చీటీలే రుజువు. అబద్ధమల్లా మీరు. పండుగకి వెళ్తున్నానని రాసి, ఆ పన్నెండు బుధవారాలూ ఎక్కడున్నారు?"

"మా డాబా మీదండి."

"ఎవరితో?"

"మా ఆవిడతో."

"ఏం చేశారు?"

"ఏం చేయలేదండి. చాప వేసుకుని ఎండలో కూర్చున్నాం. కాసిని బార్లీ నీళ్లు తాగాం. సాయంత్రం దిగొచ్చేశాం."

డైరెక్టరుగారు పెద్దాయన వైపు తిరిగారు. "మీ ఆచారం ఇలా చేయడానికి ఒప్పుకుంటుందా?"

పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనలో అబద్ధమేమీ లేదు. తన ఊరి పండుగ గురించి అడిగితే ఎవరైనా అంత శ్రద్ధగానే ఆలోచిస్తారు.

"ఒప్పుకోదండి," అన్నాడు చివరికి. "దీపాల్లేకుండా, రిజిస్టరు లేకుండా, మొగుడూ పెళ్లాలు ఇద్దరే ఇంటిమీద కూర్చుంటే అది పండుగ ఎలా అవుతుంది?"

డైరెక్టరుగారు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయించారు. కింద క్షమాపణ రాయించారు. ఇకమీదట ఏటా మూడో బుధవారం కొండదిగువ పల్లెలో విధులకి హాజరవుతానని హామీ కూడా రాయించారు. నిదానం మూడుసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ తాను తప్పు చేసినట్టే ఉంది. సంతకం పెట్టాడు.

బయటికి వచ్చాక వరండాలో పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో కోపం లేదు.

"బాధపడకండి బాబూ, తెలియక చేశారు. వచ్చే ఏడు వచ్చి నా పక్కన కూర్చోండి. ఎండలో ఎలా కూర్చోవాలో నేర్పిస్తాను."